ఇంటికొక్క కార్డు

కళ్ళజోళ్ళ దుకాణంలో పదహారేళ్ళుగా పనిచేస్తున్నా కార్డులక్కకు మాత్రం ఇంకా కళ్ళజోడు రాలేదు. గోడకు వేలాడే అక్షరాల పటంలో అట్టడుగు వరసను గుమ్మంలో నిలబడే చదివేస్తుంది. ఆ చూపు మీద ఆమెకు కాస్త గర్వం కూడా. అయితే ఆ చూపు తన కంచంలో కంటే పక్కవాళ్ళ కంచంలోనే ఎక్కువసేపు ఉంటుందని ఆమె అత్తగారు అంటూ ఉంటుంది. అత్తగారి మాటల్లో కారం ఎక్కువే గానీ అబద్ధం తక్కువ.

కార్డులక్క అనే పేరు ఆమెకు ఊరికే రాలేదు. ఆమె చేరిన కొత్తలో ఆ దుకాణానికి ఉన్నది ఒక్క గది, ఒక బల్ల, మూడు సొరుగులు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక కార్డు రాసి సొరుగులో పడేసేవారు. మళ్ళీ ఆ మనిషి వచ్చినప్పుడు ఆ కార్డు దొరికితే ఆ రోజు పండగ. నెల తిరక్కుండానే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. కళ్ళజోడు కోసం జనం ఒంటరిగా రారు. తండ్రి కూతుర్ని తీసుకొస్తాడు, కోడలు అత్తను తీసుకొస్తుంది, వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని తామూ కుర్చీలో కూర్చుంటారు. అలాంటప్పుడు మనిషికో కార్డు ఎందుకు, ఇంటికొక్క కార్డు చాలు అనుకుంది. పైన ఇంటి నంబరు, కింద వరసగా ఆ ఇంట్లో మనుషులు, ఒక్కొక్కరి ఎదురుగా తేదీ, కుడి కన్ను, ఎడమ కన్ను. తండ్రి చూపు ఎలా దిగిందో, పిల్ల చూపు అదే దారిలో ఎలా పోతోందో కార్డు చూస్తే తెలిసిపోతుంది. అప్పట్లో ఓనరు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "మీ బుర్రే బుర్రమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆమె పదహారేళ్ళు బతికింది. మెప్పు విషయంలో ఆమె అంత పొదుపు మనిషి.

సొరుగులు మూడు కాస్తా పద్దెనిమిదయ్యాయి. గది నాలుగు గదులైంది. వెనక ఓనరుకొకటి, భోజనాలకొకటి. లోపలి గదిలో కళ్ళు పరీక్ష చేసే ఆయన, బయటి గదిలో అద్దాలు, ఫ్రేములు, గుమ్మం పక్కనే కార్డులక్క టేబులు. వచ్చినవాళ్ళు నంబరు మర్చిపోయినా ఆమె మర్చిపోదు. "మీది మూడొందల పన్నెండు గదండీ? మీ రెండో అమ్మాయికి ఎడమ కన్ను ఎలా ఉంది?" అని అడిగితే, వచ్చిన ఆయన బంధువుల ఇంటికి వచ్చినట్టు కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

ఇక ఈ కథకు కారణమైన మనిషి ఆమె తోడికోడలు. ఇంట్లో అందరూ చిన్నది అంటారు. మరిదికి పెళ్ళై చిన్నది ఇంటికి వచ్చాక మొదటి ఏడాది పగలంతా అత్తగారితో ఇంట్లోనే ఉండేది. సాయంత్రం కార్డులక్క దుకాణం నుంచి వచ్చేసరికి అత్తాకోడళ్ళిద్దరూ ఒకే మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతూ నవ్వుకుంటూ కనిపించేవారు. తనను చూడగానే ఆ నవ్వు కాస్త తగ్గినట్టు కార్డులక్కకు అనిపించేది. తగ్గిందో లేదో దేవుడికే తెలియాలి. మొత్తానికి ఆమె ఓనరు దగ్గరికి వెళ్ళి, "మా తోడికోడలండీ, చదువుకుంది, ఇంట్లో ఖాళీగా ఉంటోంది, ఏదైనా పని ఇప్పించండి" అని బతిమాలి మరీ ఉద్యోగం ఇప్పించింది. ఊరంతా ఆమె మంచితనం చెప్పుకుంది. అసలు సంగతి మాత్రం, ఆ మంచం మీద నుంచి చిన్నదాన్ని లేపడమే.

అది కొరివితో తల గోక్కోవడమని తెలియడానికి రెండేళ్ళు పట్టింది. చిన్నది మొదట ఫ్రేములు తుడిచింది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ తర్వాత ఒకరోజు, చీటీలు మోసుకుపోయే పని ఇక అక్కర్లేదు, అన్నీ మెయిల్లో పంపిద్దాం అంది. అంతకుముందు పరీక్ష అయ్యాక చూపు చీటీని కార్డులక్క కార్డులోకి ఎక్కించి, ఒక కవర్లో పెట్టి, బస్సులో అద్దాల మేస్త్రికి పంపేది. ఆయన ఊరికి ఆ చివర ఒక షెడ్డులో కూర్చుని, చీటీలో ఉన్న పవరు చూసి అద్దాలు అరగదీసేవాడు. ఇప్పుడు ఆ పనంతా యంత్రానిదే. కార్డులక్క చేయవలసిందల్లా వచ్చినవాళ్ళ కార్డు నంబరు కొట్టి, కార్డులో వాళ్ళ పేరు ఎదురుగా తేదీ వేయడం. పరీక్ష అవగానే చీటీ ఒక ఫైలుగా తయారవుతుంది. అరగంటకోసారి యంత్రం ఆ ఫైళ్ళన్నీ పోగుచేసి మెయిళ్ళకు జతపెట్టి, ఒకటి కొన్నవాళ్ళకూ, ఒకటి మేస్త్రికీ పంపేస్తుంది.

ఓనరు మురిసిపోయాడు. "ఇది సరిగ్గా కుదిరిందంటే నెలాఖరుకల్లా కార్డులతో పని ఉండదు. ఆ టేబులు తీసేసి అక్కడ ఫ్రేములకి అద్దాల బీరువా పెట్టుకోవచ్చు" అన్నాడు. టేబులు సంగతి చెప్పాడు గానీ టేబులు వెనక మనిషి సంగతి చెప్పలేదు. కార్డులక్క అడగలేదు. కొన్ని ప్రశ్నలు అడిగితే జవాబు చెబుతారు, అదే భయం. ఆ రోజు నుంచి ఆమెకు దుకాణంలో కనిపించినవి రెండే రెండు. ఒకటి తన టేబులు. రెండోది దాన్ని లాక్కోబోతున్న తోడికోడలు.

మెయిలు మొదలైన వారంలోనే ఒక చిక్కు వచ్చింది. ఫైలుకు కొన్నవాళ్ళ పేరే పెట్టేవారు. మేస్త్రి దగ్గరున్న ముసలి కంప్యూటరుకు మన అక్షరాలు రావు. "ఏంటమ్మా ఇది, పేర్లున్న చోట అన్నీ చిన్న చిన్న డబ్బాలే వస్తున్నాయి, ఏది ఎవరిదో నేనేం జోస్యం చెప్పాలా?" అని ఆయన ఫోన్లో గోల పెట్టాడు. కార్డులక్క కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఒక్క పూటే. మధ్యాహ్నానికల్లా చిన్నది ఆ పేర్లు తీసేసి, ఫైలు పేరుగా కార్డు నంబరూ తేదీ పెట్టేసింది. అంకెలు ఏ కంప్యూటరుకైనా వస్తాయి గదా. డబ్బాలు పోయాయి. ఓనరు అందరినీ పిలిచి చప్పట్లు కొట్టించాడు. కార్డులక్క కూడా కొట్టింది. చేతులు కలిశాయి గానీ చప్పుడు రాలేదు. నా కార్డు నంబరే, నేను వేసిన నంబరే, దానికి చప్పట్లు దీనికా అని లోపల ఉడికిపోయింది.

ఇంట్లో చిన్నది ఈ సంగతి చెప్పలేదు. మరిది చెప్పాడు. అత్తగారు పెద్దకోడలి వంక ఒకసారి చూసి, "ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా" అంది. పెద్దకోడలి చేతిలో గిన్నెలు ఆ రోజు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేశాయి.

సరిగ్గా పది రోజులకు లెక్కల మేష్టారు వచ్చాడు. ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళైనా ఆయన్ను అందరూ అలాగే పిలుస్తారు. వెనకాలే భార్య. ఇద్దరూ కొత్త కళ్ళజోళ్ళు తీసి కార్డులక్క టేబులు మీద పెట్టారు.

"అమ్మా, దీంట్లోంచి చూస్తే మా ఆవిడ ఇద్దరుగా కనబడుతోంది. ఒక్కావిడతోనే వేగలేక చస్తున్నాను" అన్నాడు మేష్టారు.

"నాకు మాత్రం బానే కనబడుతోందమ్మా. ఆయనే ఇదివరకటి కంటే లావుగా ఉన్నారు" అంది ఆవిడ.

చిన్నది కంగారుగా ఇద్దరి ఫోన్లూ తీసుకుని చూసింది. మేష్టారికి వెళ్ళిన మెయిల్లో ఆయన పేరు సరిగ్గానే ఉంది. ఆవిడకు వెళ్ళినదాంట్లో ఆవిడ పేరూ సరిగ్గానే ఉంది. జతపెట్టిన చీటీ మాత్రం రెండింట్లోనూ ఆవిడదే. కవరు మీద చిరునామా సరే, లోపలి ఉత్తరం వేరేవాళ్ళది. మేస్త్రికి ఫోను చేస్తే, "నాకేం తెలుసమ్మా, మీరు పంపింది పంపినట్టు అరగదీశాను" అన్నాడు. చిన్నది తన పేరు మీద నాలుగుసార్లు పంపి చూసుకుంది. నాలుగుసార్లూ సరిగ్గానే వెళ్ళింది. ఆ వారంలో అలాంటి ఫిర్యాదులే ఇంకో మూడు వచ్చాయి. మిగిలిన వందమందికి ఏ తేడా లేదు. ఓనరు మొహం మాడ్చుకున్నాడు.

అందరూ భోజనానికి వెనక గదిలోకి వెళ్ళినప్పుడు కార్డులక్క టేబులు దగ్గరే ఉండిపోయింది. మేష్టారి కార్డు తీసింది. మిగతా మూడు ఫిర్యాదుల కార్డులూ తీసి దాని పక్కన పేర్చింది. పటంలో అట్టడుగు వరస చదివే చూపు అది. ఒక్క నిమిషం పట్టలేదు. నాలుగు కార్డుల్లోనూ ఒకే తేదీన ఇద్దరేసి మనుషులు. మేష్టారూ భార్యా, ఒక తల్లీ కూతురూ, ఇద్దరు అన్నదమ్ములు, ఒక మామా కోడలూ.

యంత్రం సంగతి ఆమెకు తెలియదు. సొరుగు సంగతి తెలుసు. ఫైలుకు పేరు కార్డు నంబరూ తేదీ. కార్డేమో ఇంటికొక్కటే. ఒకే ఇంటి నుంచి ఒకే రోజు ఇద్దరు వస్తే ఇద్దరి ఫైళ్ళకూ ఒకటే పేరు. ఆ పేరుతో రెండో చీటీ రాగానే యంత్రం మొదటి చీటీ తీసి అవతల పారేసి, ఆ చోట్లో రెండోది పెడుతోంది. అరగంటకు మెయిళ్ళు బయల్దేరేసరికి ఇద్దరికీ రెండోవాళ్ళదే దొరుకుతోంది. ఒంటరిగా వచ్చినవాళ్ళకు ఏ గొడవా లేదు. చిన్నది ఒక్కతే పరీక్ష చేసుకుంటే చిక్కు దొరక్కపోవడంలో వింతేముంది!

ఆమెకు లేచి గంతెయ్యాలనిపించింది. చదువుకున్నదానికి దొరకనిది తనకు దొరికింది. ఓనరును పిలుద్దామని నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. చెబితే ఏమవుతుంది? ఇంటికొక్క కార్డు వల్లనే తప్పు పోతోందంటారు. మనిషికో నంబరు వేసుకుంటే సరి అంటారు. నెలాఖరున పోవలసిన టేబులు రేపే పోతుంది. అదే చెప్పకపోతే? మెయిలు కుదరదు, టేబులు ఉంటుంది, చప్పట్లు కొట్టించుకున్న మనిషి చేతులు నలుపుకుంటూ నిలబడుతుంది. ఈ చివరి మాట దగ్గర ఆమె మనసు కాస్త ఎక్కువసేపే ఆగింది. కార్డులు నాలుగూ ఎక్కడివక్కడ సర్దేసి, తేలుకుట్టిన దొంగలా వెళ్ళి అన్నం డబ్బా తెరుచుకుంది.

ఆ తర్వాతి పది రోజులూ ఆమె జీవితంలో చాలా సుఖమైన రోజులు, చాలా చెడ్డ రోజులు. ఓనరు రోజుకోసారి చిన్నదాన్ని పిలిచి, "ఏమైంది? దొరికిందా?" అని అడిగేవాడు. "చూస్తున్నానండీ" అనేది చిన్నది. ఆ జవాబు విన్నప్పుడల్లా కార్డులక్కకు పెరుగన్నం తిన్నట్టుండేది. అయితే ఒక్కటి ఆమెకు అంతుపట్టలేదు. మెయిళ్ళు తప్పుగా పోతూనే ఉన్నాయి గానీ, కళ్ళజోళ్ళు మాత్రం సరిగ్గా వస్తున్నాయి. బట్టలు కుట్టే ఒకావిడ ఫోను చేసి, "జోడు బానే ఉందమ్మా, మెయిల్లో మాత్రం మా అమ్మాయి చీటీ పెట్టారు" అంది. ఫిర్యాదులు ఇంకా బలుస్తాయనుకుంటే చిక్కిపోతున్నాయి.

పైగా భోజనాల వేళ చిన్నది ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి గుసగుసగా ఏదో మాట్లాడుతుండేది. చేతిలో ఒక కాగితం. కార్డులక్కను చూడగానే గొంతు తగ్గించేది. ఇంకెక్కడో ఉద్యోగం చూసుకుంటోందా? లేక తన మీద అత్తగారికి చాడీలు మోస్తోందా? రెండోదే అయ్యుంటుందని ఆమె తీర్మానించుకుంది. మన మనసులో ఏముంటే ఎదుటివాళ్ళ మెదిలే పెదవుల మీద అదే వినిపిస్తుంది మరి.

ఇంట్లో చిన్నది సరిగ్గా తినడం మానేసింది. అత్తగారు పాలు కాచి, గ్లాసు చేతికిచ్చి తాగేదాకా పక్కన కూర్చునేది. కార్డులక్కకు అదీ కంటగింపే. తప్పు చేసినదానికి పాలు, పదహారేళ్ళుగా ఒక్క తప్పూ చేయనిదానికి ఆ గ్లాసు కడిగే పని! ఆ మాట పైకి అనలేక గ్లాసును రెండుసార్లు కడిగింది.

ఒక గురువారం అత్తగారికి పన్ను నొప్పి పుట్టింది. డాక్టరు దగ్గరికి తోడు ఎవరు రావాలంటే, ఆవిడ "చిన్నదాన్ని రమ్మను" అంది. చిన్నది సెలవు పెట్టింది. కార్డులక్క ఒక్కతే బస్సెక్కింది. పదిహేనేళ్ళు ఆవిడ ఒంటికి తైలం రాసిన చేతులు నావి, పన్ను నొప్పి వస్తే మాత్రం చిన్నది కావాలి అనుకుంటూనే దారంతా గడిపింది.

ఆ రోజే వ్యాను డ్రైవరు వచ్చాడు. మార్కెట్టుకు కూరగాయలు తోలే మనిషి. వెంట తల్లిని తీసుకొచ్చాడు. కార్డు తొమ్మిదొందల నాలుగు. మొదట అతను కుర్చీలో కూర్చున్నాడు, పది నిమిషాల తర్వాత ఆవిడ. కార్డులక్క మొదటిసారి నంబరు కొట్టింది. రెండోసారి అదే నంబరు కొట్టబోతుంటే వేలు ఆగింది. ఇతని చీటీ ఇప్పుడు ఎగిరిపోతుంది. ఇతను బండి తోలే మనిషి. మేస్త్రికి ఒక్క ఫోను చేసి రెండు ముక్కలు చెబితే అయిపోతుంది. ఫోను టేబులు మీదే ఉంది, చేయి చాస్తే అందుతుంది. కానీ ఫోను చేస్తే నీకెలా తెలుసని అడగరూ? మనకెందుకొచ్చిన గొడవ అనుకుని నంబరు కొట్టేసింది.

మంగళవారం పొద్దున అతను నుదుటికి కట్టు కట్టుకుని వచ్చాడు. జోడు పెట్టుకున్న తొలిరోజే మార్కెట్టు గేటు దూరంగా ఉందనుకుని స్తంభానికి గుద్దేశాడట. వ్యాను ముందు దీపం పగిలింది, నుదురు చిట్లింది. ఆ గేటు దగ్గర బుట్టలు పెట్టుకుని కూర్చునే ఆవిడ అప్పుడే లేచి నీళ్ళకు వెళ్ళింది కాబట్టి సరిపోయింది.

"ఇన్నేళ్ళలో మీరు కార్డు రాస్తే ఎప్పుడూ తప్పు పోలేదక్కా. ఈ మెయిలేదో వచ్చాకే ఇలా అయింది" అన్నాడు అతను. కోపంగా కాదు, ఆమె మీద జాలిపడుతున్నట్టు అన్నాడు. ఆమె సొరుగు తీసి, అక్కర్లేని కార్డేదో వెతికింది.

ఓనరు గదిలోంచి బయటికి వచ్చి, అందరి ముందూ చిన్నదాని మీద విరుచుకుపడ్డాడు. "మనుషుల ప్రాణాలతో ఆటలా? పది రోజులుగా చూస్తున్నా, చూస్తున్నా అంటావు. ఏం చూస్తున్నావ్? శనివారం దాకా టైమిస్తున్నాను. ఆ తర్వాత నీ దారి నువ్వు చూసుకో."

చిన్నది తలెత్తి నిలబడే వింది. "సరేనండీ" అంది. గురువారం నేను సెలవులో ఉన్నానండీ అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. కార్డులక్క ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ఘడియ అది. గెలిచింది. సంతోషం ఎక్కడుందా అని లోపలంతా వెతుక్కుంటే నుదుటికి కట్టు కట్టుకున్న మనిషి తప్ప ఇంకేమీ దొరకలేదు. తిట్లు తింటూ కూడా అది అంత నిటారుగా ఎలా నిలబడగలిగిందా అని, అప్పుడు కూడా ఒక్క క్షణం కుళ్ళుకుంది. నిజం చెప్పుకోవాలి కాబట్టి ఆ సంగతీ చెప్పుకుందాం.

వెనక గదిలో చిన్నది ఒంటరిగా దొరికింది. కార్డులక్క తలుపు చేరవేసి, "ఏమే, ఆ చీటీలు ఎందుకు మారుతున్నాయో నాకు తెలిసినట్టుంది" అంది.

చిన్నది ఆమె వంక చాలాసేపు చూసింది. "చెప్పండక్కా."

కార్డులక్క చెప్పింది. ఇంటికొక్క కార్డు, ఇద్దరికీ ఒకే నంబరు, ఒకే పేరుతో రెండు ఫైళ్ళు, ముందుదాని నెత్తిన వెనకది. ఎప్పుడు తెలిసిందో మాత్రం చెప్పలేదు. చిన్నది మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"అయితే ఫైలు పేర్లో మనిషి వరస కూడా చేరిస్తే సరిపోతుంది. కార్డులో మొదటి మనిషికి ఒకటి, రెండో మనిషికి రెండు. అంతే గదక్కా?"

"అంతే."

"రండి" అని లేచింది చిన్నది.

ఓనరు గదిలో మాట్లాడింది చిన్నదే. "అక్క కనిపెట్టారండీ. నావల్ల కాలేదు" అని మొదలుపెట్టి సంగతంతా చెప్పింది. ఓనరు కనుబొమ్మలు ముడేసి, "అంటే ఈ కార్డుల వల్లనేగా ఇదంతా?" అన్నాడు.

"కార్డులది కాదండీ తప్పు, నాది" అంది చిన్నది. "కార్డులో వరసలు శుభ్రంగా ఉన్నాయి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు నేనే వరస వదిలేశాను. ఏ ఇంట్లో ఎవరిది ఎన్నో వరసో అక్కకు తప్ప ఎవరికీ తెలీదు. ఆ టేబులు తీసేస్తే మెయిలు నడవదు."

ఓనరు గడ్డం గోక్కున్నాడు. కార్డులక్క వంక తిరిగి, "ఇంత తెలిసినవాళ్ళు, ముందే ఈ పని మీ చేతుల్లో పెట్టాల్సిందమ్మా. ఆ బీరువా సంగతి మర్చిపోండి, లోపల ఎక్కడో సర్దుకుందాం" అన్నాడు. ఆమె దణ్ణం పెట్టబోయి, చేతులు ఎటు చూపాలో తెలియక ఊరుకుంది.

పది నిమిషాల్లో పని అయిపోయింది. చిన్నది తెర మీద ఏదో నొక్కగానే కార్డు నంబరు పక్కన కొత్త గడి ఒకటి వచ్చింది. డ్రైవరుకు ఒకటి, తల్లికి రెండు అని కొట్టి, లోపలి గదిలో ఆయన చేత ఇద్దరి చీటీలూ మళ్ళీ చేయించింది. ఇద్దరి మెయిళ్ళూ వెళ్ళాయి. రెండు పేర్లు, రెండు చీటీలు, ఎవరిది వాళ్ళకు. మేస్త్రి ఫోను చేసి, "ఇప్పుడు సరిగ్గా ఉందమ్మా. ఇక రోజూ నువ్వు మధ్యాహ్నం పూట ఫోన్లో పవర్లు చదివి చెప్పక్కర్లేదు" అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. చిన్నది చటుక్కున దాన్ని తీసి చెవికి పెట్టుకుంది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దిగి ఇంటి సందులోకి తిరిగాక కార్డులక్క ఉండబట్టలేక అడిగింది. "ఆ గడి అంత తొందరగా ఎలా పెట్టావే?"

"ముందే చేసి పెట్టుకున్నానక్కా."

"ముందే అంటే?"

"మేష్టారు వచ్చిన వారమే. మీకెప్పుడు తెలిసిందో నాకూ అప్పుడే తెలిసింది." చిన్నది నడక ఆపలేదు. "అన్నం డబ్బా మర్చిపోయి ముందు గదిలోకి వచ్చాను. మీరు నాలుగు కార్డులు పేర్చుకుని చూస్తున్నారు. మీ భుజం మీంచి నేనూ చూశాను. తర్వాత మీరు అవి సర్దేసి ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నారు."

కార్డులక్క వెనకే నాలుగడుగులు వేసి, "మరి నువ్వెందుకు చెప్పలేదు?" అంది.

"నేను చెబితే కార్డుల వల్ల తప్పు పోతోందని చెప్పినట్టవుతుంది. మీ టేబులు పోతుంది. మీరు చెబితే మీరు కనిపెట్టినట్టవుతుంది. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని చూశాను. ఇద్దరేసి వచ్చినవాళ్ళ పవర్లు లోపలి గదిలో ఆయన దగ్గర కాగితం మీద రాసుకుని, రోజూ మేస్త్రికి ఫోన్లో చదివి చెప్పాను. గురువారం నేను లేను. నేను లేకపోయినా మీరున్నారు కదా అనుకున్నాను." అక్కడ ఆమె మొదటిసారి నడక ఆపింది. "అతని నుదురు చూశాక నాకు మీ మీద చాలా కోపం వచ్చిందక్కా. నా మీద కూడా. నా పంతం కోసం అతన్ని పణం పెట్టినట్టయింది."

"ఇంత కోపం ఉండి, మరి ఓనరు దగ్గర నన్నెందుకు అలా..."

"ఆ షాపులో నన్ను పెట్టించింది మీరు. మిమ్మల్ని అక్కడే కూర్చోబెట్టాను. ఇవాళ్టితో ఆ ఋణం తీరిపోయింది." చేతిలో సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "నడవండక్కా, అత్తయ్య ఎదురు చూస్తుంటారు" అంది. గొంతులో విసురు లేదు. దారి అడిగిన మనిషికి దారి చెప్పినట్టు చెప్పింది, ముందుకు వెళ్ళిపోయింది.

కార్డులక్క సందు మధ్యలో ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. తిడితే బాగుండేది. తిట్టుకు తిట్టు అప్పజెప్పడం ఆమెకు చేతనవును. ఇది ఆమె ఎరగని విద్య. తెలివిలో మించింది సరే, అత్తగారి మనసు దోచుకుంది సరే, చివరికి మంచితనంలో కూడా తనను మించిపోయి, ఆ మంచితనం చేతికిచ్చి చెయ్యి దులుపుకుంది. టేబులు మిగిలింది, పేరూ మిగిలింది. తనను అక్కా అని పిలిచే గొంతులో ఇదివరకు ఏదో ఉండేదని, అది పోయాకే ఆమెకు తెలిసింది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి చిన్నది వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. అత్తగారు వాపు తగ్గిన బుగ్గ మీద చెయ్యి వేసుకుని, ముందు గదిలోనే కూర్చుని ఉంది. పెద్దకోడల్ని చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"రావే తల్లీ, రా. ఎవరికీ దొరకనిది నువ్వు పట్టేశావటగా. ఓనరు నిన్ను మెచ్చుకున్నాడటగా. చిన్నది వచ్చీ రాగానే అదే చెప్పింది. నీకంత తెలివుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదే."

ఆ ఇంట్లో ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురు చూసిందో లెక్కలేదు. చెప్పులు విడుస్తూ గోడ పట్టుకుంది.

"నేను కాదత్తయ్యా. అంతా చిన్నదే చేసింది. నేను చేసిందల్లా తెలిసి కూడా నోరు మూసుకోవడమే."

అత్తగారు పకపకా నవ్వింది. "చాల్లే, ఎంత వెనకేసుకొస్తావే దాన్ని! ఉద్యోగం ఇప్పించిందీ నువ్వే, ఇప్పుడు చేసిన పని దాని పేరు మీద రాస్తున్నదీ నువ్వే. ఇంత మంచిదానివని తెలీక నిన్నెన్ని మాటలన్నానో" అంటూ లేచి, తన చేత్తో గ్లాసులో పాలు పోసి తెచ్చి ఇచ్చింది.

కార్డులక్క వంటింటి వైపు చూసింది. చిన్నది తలెత్తలేదు. అత్తగారు పక్కనే కూర్చుని, తాగు తాగు అంటుంటే ఆమె పాలన్నీ తాగింది.